రెండు చక్రాలు, ఒక పాళీ

సైకిలు తొక్కేవానికి తొందర ఎక్కువ, బొమ్మ గీసేవానికి నిదానం ఎక్కువ. ఈ రెంటికీ పొత్తు ఎలా కుదిరిందని ఆ రోజుల్లో మమ్మల్ని అడగని అధ్యాపకుడు లేడు. 1986లో మేము ఇంటర్మీడియెట్ చదువుతున్న ముగ్గురు మిత్రులం. మా ముగ్గురికీ కలిపి రెండు సైకిళ్లు, ఒక నల్లసిరా బుడ్డి, ఒక పాళీ కలం. ఆదివారం తెల్లవారకముందే డ్రాయింగు అట్టను పాత ట్యూబు ముక్కతో క్యారియరుకు బిగించి, పురానాపూల్ దాటి, కార్వాన్‌లో టోలీ మసీదు దగ్గర కాసేపు ఆగి, ఎండ ముదరకముందే గోల్కొండ చేరేవాళ్లం.

చేరగానే బొమ్మ మొదలుపెట్టడానికి వీలులేదు. ఎగుడుదారి తొక్కి వచ్చిన చెయ్యి వణుకుతుంది. పెన్సిలు గీతనైతే రబ్బరుతో తుడుచుకోవచ్చు. సిరా గీత పడిందంటే పడినట్లే. బ్లేడుతో గీకితే కాగితం నూగులేచి, ఆ చోట సిరా పాకుతుంది. కనుక పావుగంట ఊరకే కూర్చుని గోడను చూడవలసిందే. మేము చూడటమంటూ నేర్చుకున్నది ఆ పావుగంటల్లోనే. సిరాబొమ్మలో వెలుగును గీయలేము. నీడను గీసి, వెలుగు పడినచోట కాగితాన్ని అలాగే వదిలిపెట్టాలి. గచ్చు రాలిన గోడకు పొట్టి గీతలు, నల్లరాతికి గీతల మీద అడ్డగీతలు, చింతచెట్టుకు చుక్కలు. ఇవన్నీ మా ముగ్గురిలో ఒకనికే పట్టుబడ్డాయి. తక్కిన ఇద్దరం గీస్తే చార్మినారు కూడా కొంచెం ఒరిగేది.

ఆ ఏడాది వానాకాలంలో, మూసీ ఒడ్డు దారిలో, నీళ్లు నిండిన గుంట కానరాక ఆ మిత్రుడే పడిపోయాడు. మోకాటి చిప్ప పగిలింది. మూడు నెలలకు కట్టు విప్పారు గాని, కాలు మునుపటివలె ముడవలేదు. ఇక సైకిలు తొక్కరాదని వైద్యుడు చెప్పిన సాయంత్రం అతడు సిరాబుడ్డిని మా చేతిలో పెట్టి, "ఇది కూడా తీసుకుపోండి భాయ్" అన్నాడు. మేము తెచ్చేసుకున్నాము. వద్దని ఒక్క మాట ఎందుకు అనలేకపోయామో తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

ఆబిడ్స్‌లో ఆదివారం కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలలో ఇంగ్లండు సైకిలు పత్రిక చిరుగుపుటలు కొన్ని దొరికాయి. వాటిలో ఫ్రాంక్ పాటర్సన్ బొమ్మలున్నాయి. 1871లో పుట్టి 1952లో మరణించిన ఈయన 1893 నుండి 'సైక్లింగ్' అనే ఆ పత్రికకు దశాబ్దాల తరబడి కలంతో, సిరాతో గీశాడు. మొత్తం బొమ్మలు 26,000 దాకా ఉంటాయంటారు. పల్లెబాట, రాతివంతెన, పాత సత్రం, గోడకు ఆనించిన సైకిలు. నడివయసులోనే కాలి గాయం వల్ల ఆయన సైకిలు మానుకున్నాడనీ, ఆపైన చాలా బొమ్మలు ఫోటోలూ పోస్టుకార్డులూ చూసి ఇంటిపట్టున గీసినవేననీ మాకు ఎన్నో ఏళ్ల తరువాత గాని తెలియలేదు. అప్పుడే తెలిసివుంటే మా మిత్రునితో మాట్లాడటానికి మాకు కొంత ధైర్యం వచ్చేది. ఏమీ తెలియకనే ఆ పుటలు తీసుకుపోయి అతని మంచం మీద పెట్టాము.

వంతెన బొమ్మను అతడు చాలాసేపు చూశాడు. చూసి, "పురానాపూల్‌కు కమానులెన్ని?" అని అడిగాడు.

"పుస్తకంలో 22 అని ఉంది."

"పుస్తకం నేనూ చదివాను. ఇవాళ నీటిలో ఎన్ని ఉన్నాయి, గడ్డిలో ఎన్ని ఉన్నాయి?"

1578 నాటి ఆ వంతెన మీద వందసార్లు పోయివుంటాము; మా దగ్గర జవాబు లేదు. 1908 వరదల తరువాత ఎగువన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు గనుక వానలు వెనుకపట్టాక ఆ కమానుల కింద నీరు సన్నని పాయగానే పోతుంది. మరునాడు తెల్లవారుజామున పోయి, లెక్కపెట్టి, రాసుకొని వచ్చి చెప్పాము. అతడు మూడు రాత్రులు కూర్చుని గీశాడు. నాలుగవనాడు మమ్మల్ని పిలిచి, మీరు నిలబడినది ఏ వైపని అడిగాడు.

"నది వచ్చే వైపు."

"అంటే పడమర. పొద్దున్నే పడమటి గోడ మీద ఎండ ఎలా పడింది?"

పడలేదు. కమానులలోనుంచి అవతలి వెలుగు రావటం చూసి, గోడంతా వెలుగేనని చెప్పేశాము. మూడు రాత్రుల పని మా నోటిమాట వల్ల చెడింది. అతడు కోప్పడలేదు, కాగితాన్ని రెండుగా చించి, వెనుక వైపు లెక్కలకు పనికివస్తుందని దాచుకున్నాడు.

మళ్లీ పోయాము. ఈసారి అట్ట తీసుకుపోయి, మా ఒరిగిన గీతలతోనే నీడ ఎక్కడెక్కడ ఉందో గుర్తుపెట్టుకున్నాము. రెండవ బొమ్మలో పడమటి గోడ నల్లగా, కమానుల నోళ్లు మాత్రం తెల్లగా వచ్చాయి. వంతెన చివర పిట్టగోడకు ఒక సైకిలు ఆనించివుంది. మేము చెప్పిన వాటిలో అది లేదు. దాని క్యారియరు మీద ట్యూబు ముక్క కట్టివుంది.

సిరా ఆరకముందే, టోలీ మసీదు ముందువైపు గచ్చుపని ఎంతవరకు రాలిందో చూసి రమ్మని మమ్మల్ని తరిమాడు. పోతూ పోతూ సిరాబుడ్డి అతని కిటికీలో పెట్టి వచ్చాము.