అడ్డొచ్చినవన్నీ జరిగిపోవాల్సిందే!

మీ చుట్టాలెవరైనా డెట్రాయిట్‌లో కార్ల కంపెనీలో ఉంటే వుడ్‌వర్డ్ పేరు మీ చెవిన పడే ఉంటుంది. మిషిగన్ రాష్ట్రంలో ఎం-1 అనే స్టేట్ హైవే అదే. నంబరు ఒకటి కదా, మొట్టమొదటి రోడ్డేమో అనుకునేరు! అంతకుముందు ఇది యూఎస్-10. ఆ నంబరు ఫ్రీవేల మీదికి వెళ్లిపోయాక 1970లో దీనికి ఈ ఒకటి దక్కింది. దారి మాత్రం పాతదే. తెల్లవాళ్లు రాకముందు ఆదివాసులు ఇప్పటి సాగినా ఊరి వైపు నడిచిన బాట.

1805లో డెట్రాయిట్ ఊరు ఊరంతా తగలబడిపోతే, కొత్త నక్షా గీసినాయన జడ్జి అగస్టస్ వుడ్‌వర్డ్. రోడ్డుకు ఎవరి పేరు పెట్టారో మళ్లీ చెప్పాలా? వాషింగ్టన్ నగరాన్ని చూసి పెద్ద పెద్ద గుండ్రటి కూడళ్లు గీశాడు. కొన్నేళ్లకే ఆ నక్షా అటకెక్కింది. కాగితం మీద నిండుగా ఉన్న గ్రాండ్ సర్కస్ అనే కూడలి నేలమీద సగమే తేలింది. ఎం-1 మొదలయ్యేది ఆ సగం సర్కస్ దగ్గరే. అక్కణ్ణుంచి వాయవ్యంగా పాంటియాక్ దాకా దాదాపు 21 మైళ్లు.

1909లో ఆరో మైలు, ఏడో మైలు రోడ్ల మధ్య ఒక్క మైలు కాంక్రీటు పోశారు. వెడల్పు పదిహేడు అడుగుల పైచిలుకు, అంతే. దానికే పొరుగు రాష్ట్రాల ఇంజినీర్లు వచ్చి చూసిపోయారట. ఆ మరుసటేడే కాస్త దిగువన హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ ఫ్యాక్టరీ తెరిచాడు. 1913లో కదిలే అసెంబ్లీ లైను వచ్చింది. ఇక కార్లు పుట్టలు పుట్టలుగా పుట్టుకొస్తుంటే రోడ్డు చాలుతుందా?

అసలు కథ ఇక్కడుంది. రోడ్డు వెడల్పు చేస్తుంటే సెయింట్ జాన్స్ చర్చి అడ్డొచ్చింది. మనవైపు గుడి అడ్డొస్తే రోడ్డు వంకర తిరుగుతుంది. అక్కడ 1936లో ఆ రాతి చర్చిని మొత్తానికి మొత్తం 60 అడుగులు వెనక్కి జరిపారు! అదే వీధిలో ఇంకో చర్చికి నడుములో కొంత కోసేసి, ముందరి గోపురాన్ని వెనక్కి తెచ్చి అతికించారు. పైన ఓక్లాండ్ కౌంటీలో అయితే రైలు పట్టాలే పక్కకు తప్పుకున్నాయి. 1956లో ట్రామ్‌ల వంతు వచ్చింది, వాటిని అసలు ఉంచనేలేదు.

ఇన్ని కార్లు చేసిన హైలాండ్ పార్క్‌కు మిగిలిందేమిటంటారా? 2011లో కరెంటు బిల్లు కట్టలేక చాలా సందుల్లో దీపస్తంభాలు పీకించుకోవాల్సి వచ్చింది. కార్లు తయారుచేసిన జనం, ఫ్యాక్టరీల వెంటే ఊరు దాటి వెళ్లిపోయారు మరి.

ఎనిమిదో మైలు రోడ్డు దాటితే డెట్రాయిట్ అయిపోతుంది. ఫెర్న్‌డేల్, రాయల్ ఓక్, బర్మింగ్‌హామ్ వరుసగా వస్తాయి. కొత్తగా వచ్చిన మనవాళ్లకు పరీక్ష ఇక్కడే. వాళ్లది కుడిచేతి ట్రాఫిక్ కాబట్టి ఎడమకు తిరగడమే కష్టం. ఈ రోడ్డు మీద చాలా కూడళ్లలో అది కుదరనే కుదరదు. సిగ్నల్ దాటి నేరుగా ముందుకు పోవాలి, మధ్యలో గడ్డి డివైడర్‌కు వదిలిన సందులో యూటర్న్ కొట్టాలి, వెనక్కొచ్చి కుడికి తిరగాలి. దీన్నే 'మిషిగన్ లెఫ్ట్' అంటారు. తిక్కగా అనిపిస్తుంది గానీ, ఎదురుగా దూసుకొచ్చే కార్ల మధ్యలోంచి తలదూర్చే పని తప్పుతుంది. నన్నడిగితే మన హైదరాబాద్ యూటర్న్‌ల కన్నా ఇది నయం, డివైడర్ ఎక్కడ తెరిచి ఉంటుందో ముందే తెలుస్తుంది.

ట్రామ్ 2017లో తిరిగొచ్చింది, డౌన్‌టౌన్ నుంచి మూడు మైళ్లే. కార్ల భక్తి మాత్రం తగ్గలేదు. 1995లో ఫెర్న్‌డేల్‌లో పిల్లల సాకర్ మైదానానికి డబ్బు పోగేద్దామని మొదలెట్టిన పాత కార్ల ఊరేగింపు ఇప్పుడు పెద్ద తిరునాళ్లయింది. ఆగస్టు మూడో శనివారం పాంటియాక్ దాకా రోడ్డంతా అవే కార్లు. చూడ్డానికైతే మడత కుర్చీ పట్టుకెళ్లండి. ఆ రోజు ట్రాయ్‌లో ఎవరింటికైనా భోజనానికి పిలిస్తే మటుకు వుడ్‌వర్డ్ జోలికి పోకుండా ఐ-75 పట్టుకోండి, పప్పు చల్లారకముందే చేరతారు.