రింగ్ రోడ్డు మీద గాలిదే మాట

ఐస్‌లాండ్‌ని చుట్టి వచ్చే ఒకటో నంబరు రోడ్డు పొడవు 1,322 కిలోమీటర్లు. మ్యాపు ముందేసుకుంటే రోజుకు రెండొందల కిలోమీటర్ల చొప్పున వారంలో అయిపోతుందనిపిస్తుంది. బైకు మీద ఆ దారి పట్టాక నాకు బలపడిన అభిప్రాయం వేరు. ఖాళీ రోజులు లేని లెక్క అక్కడ పనికిరాదు. కారణం వాన కాదు, గాలి. వానాకాలంలో అరకు ఘాటు ఎక్కిన మనవాళ్లకు తడి రోడ్డు కొత్తేం కాదు, వేగం తగ్గించుకుని వెళ్లిపోతారు. గాలికి ఆ మందు పనిచెయ్యదు, నెమ్మదిస్తే బండి నిలకడే తగ్గుతుంది. విక్ ఊరు దాటి తూర్పుకు వెళ్తే మీర్దాల్‌సాందుర్, ఇంకా ముందుకు స్కేయిదారార్‌సాందుర్. రెండూ నల్ల ఇసుక మైదానాలే. గాలికి అడ్డుగా చెట్టూ లేదు, గోడా లేదు. రోడ్డు పక్క ఎలక్ట్రానిక్ బోర్డులు గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో చూపిస్తాయి. 20 అని కనిపిస్తే మన కంటికి చిన్న అంకెలాగే ఉంటుంది. అది గంటకు 72 కిలోమీటర్లు. పైగా గాలి వేగం రెట్టింపైతే దాని తోపుడు నాలుగు రెట్లవుతుంది. అంతకన్నా ప్రమాదం ఆ విసురు ఒక్కసారిగా మారడం. ఎడమవైపు వాత్నాయోకుల్ హిమానీనదం మీంచి గాలి దిగుతుంటే బండిని ఎడమకు వాల్చి నడపాలి. మైదానం దాటి కొండ చాటు రాగానే గాలి టక్కున ఆగుతుంది. వాలిన బండి ఎదుటి వాహనాలొచ్చే వైపుకు దూకుతుంది, ఎందుకంటే అక్కడ నడిచేది రోడ్డుకు కుడివైపున.

బరువైన బండికి ఈ భయం లేదంటారు. బరువు కొంత సాయమే, కాదనను. కానీ ఆ బండ్లకు ముందుండే పెద్ద గాలి అద్దం, రెండు పక్కలా సామాను పెట్టెలు గాలికి అంతే పెద్ద తెరచాప. స్థానికులు వెళ్తున్నారు కదా అంటే, వాళ్లు గాలి వేగం చూపే రోడ్ల శాఖ మ్యాపు చూడకుండా బయల్దేరరు. ఇక సెలవూ డబ్బూ. ఈ అభ్యంతరం నిజమైనది, ఏడాదికోసారి దొరికే సెలవును గదిలో కూర్చుని పోగొట్టుకోవాలని ఎవరికుంటుంది? అందుకే తగ్గించుకోవాల్సింది దూరాన్ని అంటాను. దక్షిణ తీరం వెంట హోఫ్న్ దాకా వెళ్లి వెనక్కొచ్చినా అది నిండు యాత్రే. చుట్టు పూర్తిచెయ్యాలన్న పట్టుదల మనం తెచ్చిపెట్టుకున్నది. 1974లో స్కేయిదారా నది మీద వంతెన కట్టేదాకా ఆ రోడ్డే చుట్టుగా కలవలేదు. కలిశాక కూడా, 1996లో మంచు కింద అగ్నిపర్వతం పేలి, నవంబరులో వచ్చిన వరదలో అక్కడి వంతెనలూ రోడ్డూ కొన్నిచోట్ల కొట్టుకుపోయాయి. ఇక ఖాళీ రోజును చాలామంది చివర్లో రేక్యావిక్‌లో పెట్టుకుంటారు. దాన్ని స్కేయిదారార్‌సాందుర్ మైదానానికి ముందున్న కిర్క్యుబైయార్‌క్లోయ్‌స్తుర్‌లో పెట్టుకోవాలి. తూర్పుకు వెళ్లేవాళ్లకు ఆ మైదానం ముందు ఆగి, గాలి తగ్గేదాకా చూడ్డానికి తగిన ఊరు అదే.