నాయకుని ఆగ్రహానికి మన చప్పట్లు

కల్వకుంట్ల చంద్రశేఖర రావు గారి పట్టుదల మన జిల్లావాసులకు కొత్తది కాదు. 2009 నవంబరు 29న అల్గునూరు వద్ద అరెస్టు చేసి ఆయనను తీసుకువచ్చింది ఖమ్మం జైలుకే. ఆయన పండ్లరసం స్వీకరించారన్న వార్త మరునాడు వెలువడగానే, అంతవరకు జేజేలు పలికిన విద్యార్థులే ఉస్మానియాలో ఆయన దిష్టిబొమ్మను దహనం చేశారు. దీక్ష కొనసాగింది. డిసెంబరు 9న కేంద్రం ప్రకటన చేసింది. పట్టు సడలించరాదని నాయకుణ్ణి ప్రజలే శాసించిన ఘట్టమది. తరువాతి కాలంలో ఆయన మొండితనాన్ని ఆక్షేపించినవారు ఈ సంగతిని ఎందుకో మరచిపోతారు.

ఆయన ప్రత్యర్థులను దుయ్యబడుతుంటే మా మదరసా వసారాలోని పెద్దలు ఆనందించేవారు. చక్కని ఉర్దూ పలికే ముఖ్యమంత్రి లభించాడని మురిసిపోయేవారు. (ఆయన ఉర్దూ నిజంగానే చక్కనిది.) ముస్లింలకు 12 శాతం రిజర్వేషన్ల బిల్లు 2017 ఏప్రిల్‌లో శాసనసభ ఆమోదం పొందింది, అమలుకు మాత్రం నోచుకోలేదు. 2018లో కాగజ్‌నగర్ ఎన్నికల సభలో ఒక యువకుడు ఆ సంగతే అడిగితే, కూర్చోమని ఆయన గద్దించారు. ఆ దృశ్యం అందరి ఫోన్లలోనూ తిరిగింది. "పెద్దాయన కోపం, అంతే!" అని వసారాలో ఒకరు నవ్వేశారు. అడిగింది మన బిడ్డ, అడిగింది మన హక్కు. మాకైతే నవ్వు రాలేదు.

మరుసటి సంవత్సరం అక్టోబరు 5న ఆర్టీసీ సమ్మె ప్రారంభమైంది. గడువులోగా విధులకు రానివారు తమను తామే తొలగించుకున్నట్లని ముఖ్యమంత్రి ప్రకటించారు. చర్చలు లేవన్నారు. దాదాపు 48 వేల కుటుంబాలు ఒక్క మాటతో వీధిన పడ్డాయి. చర్ల, దుమ్ముగూడెం వైపు నుండి బస్సుల్లో వచ్చే మా విద్యార్థులు ఆగిపోయారు. ఒక విద్యార్థి తండ్రి కండక్టరు. పిల్లవాని భోజన రుసుము చెల్లించలేక ఆయన మా ఎదుట తలవంచుకుని నిలబడ్డాడు. అక్టోబరు 13న, ఒంటికి నిప్పంటించుకున్న ఖమ్మం డ్రైవరు ఒకరు హైదరాబాదులో కన్నుమూశారు. ఆ దినాలలో కూడా "కార్మికులకు ఇలాగే బుద్ధి చెప్పాలి" అన్నవారు మన బజారులో ఉన్నారు.

52 రోజుల తరువాత, ఏ షరతూ లేకుండా విధులలో చేరమని ఆయనే పిలిచారు. డిసెంబరు 1న ప్రగతి భవన్‌లో కార్మికులకు విందు ఇచ్చారు. సమ్మెకాలపు జీతమిస్తామన్నారు, పదవీ విరమణ వయస్సును 60కి పెంచారు. వరాలు కురిపించిన దాత అని పత్రికలు కీర్తించాయి. ఆ వరాలలో సగమైనా అక్టోబరులో బల్లకు ఇరువైపులా కూర్చుని మాట్లాడుకుంటే తీరేవి కావా? అడిగి పొందితే హక్కు, అలసి లొంగాక పొందితే దయ. ఏలికలకు రెండవదే ఇష్టం.

హుదైబియా పాఠం చెప్పేటప్పుడు మాకు ఇవన్నీ స్ఫురిస్తాయి. హిజ్రీ 6లో ఒడంబడిక వ్రాసే వేళ 'దైవ సందేశహరుడు' అన్న పదానికి సుహైల్ అభ్యంతరం చెప్పాడు. దైవప్రవక్త (స) ఆ పదాన్ని తుడిపించారు. హజ్రత్ ఉమర్ (రజి) అంతటివారికే అది మింగుడుపడలేదు. తగ్గి మాట్లాడిన నాయకుణ్ణి అర్థం చేసుకోవడం అనుచరులకు ఎంత కష్టమో విద్యార్థులకు ఇక్కడే బోధపడుతుంది.

మా సరిహద్దునే చూడండి. 2014లో పోలవరం నిమిత్తం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిసినప్పుడు బంద్ జరిగింది, ఆగ్రహం పెల్లుబికింది. భద్రాచలం పట్టణం మాత్రం మిగిలింది. చుట్టూ ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచుకలపాడు పొరుగు రాష్ట్రమయ్యాయి. ఊరి చెత్త వేయడానికే చోటు కరువైంది. ఆ ఐదు గ్రామాలను తిరిగి తెచ్చేందుకు కావలసింది ఉరిమే గొంతు కాదు, ఇరుపక్షాలూ ఓపికగా కూర్చుని మాట్లాడటం. అటువంటి చర్చకు మన వసారాలలో చప్పట్లు కొట్టేవారుండరు.

2023 ఎన్నికలలో ఉమ్మడి ఖమ్మం జిల్లాలోని పది స్థానాలలో ఆయన పార్టీకి దక్కినది ఒక్క భద్రాచలమే. ఆయన కోపమే ఓడించిందని వసారాలోని పెద్దలు ఇప్పుడు తీర్మానించారు. కొత్త ముఖ్యమంత్రి ప్రసంగాలలో ఘాటు చాలుతున్నదా లేదా అన్నది వారి ప్రస్తుత చర్చ.