గోడ ఎవరిది?

గోడమీద వ్రాత అనగానే మనకు దానియేలు గ్రంథము అయిదవ అధ్యాయం జ్ఞాపకం వస్తుంది. ఆ వ్రాత బెల్షస్సరు రాజు నగరు గోడమీద పడింది. బలవంతుడు చూసి వణికాడు. మన పట్టణాలలో మాత్రం బలవంతులే వ్రాస్తారు. బలహీనులు చూసి ఊరుకుంటారు.

ఉద్యోగరీత్యా హైదరాబాదులో చాలా ఏళ్లు అద్దె ఇళ్లలో ఉన్నాను. ఎన్నికలు వస్తున్నాయంటే రాత్రిపూట సున్నం బకెట్లతో కుర్రవాళ్లు దిగేవారు. గోడకు తెల్లసున్నం కొట్టి, మూలగా పార్టీ పేరు, ‘రిజర్వుడు’ అనే మాట వ్రాసి వెళ్లేవారు. మా వీధి చివర బట్టలు ఇస్త్రీ చేసే ఒక ముసలమ్మది ఒక్క గది ఇల్లు. ఆమె గోడ ప్రతిసారీ నిండేది. ఎదుటి మేడ గోడ జోలికి ఎవరూ పోయేవారు కాదు, అక్కడ కాపలావాడు ఉండేవాడు. “గోడ మాది, మాట మాత్రం వాళ్లది అయ్యా” అనేది ఆమె.

చట్టం లేక కాదు. బహిరంగ స్థలాలను వ్రాతలతో, పోస్టర్లతో పాడుచేయకూడదని 1997లోనే ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. యజమాని అనుమతి లేకుండా గోడలమీద నినాదాలు వ్రాయరాదని ఎన్నికల ప్రవర్తనా నియమావళి కూడా చెబుతోంది. కాని ఆ ముసలమ్మ వెళ్లి ఎవరిమీద ఫిర్యాదు చేస్తుంది? మరుసటి రోజు ఆ వీధిలోనే బ్రతకాలి కదా.

అలాగని వ్రాత లేని గోడలన్నీ మంచివనుకోవద్దు. 1961లో కట్టిన బెర్లిను గోడ 1989 వరకు ఆ నగరాన్ని రెండుగా చీల్చింది. పడమటివైపు గోడ నిండా రంగులు, వ్రాతలు. తూర్పువైపు అది తెల్లగా ఉండేది. అక్కడి ప్రజలను గోడ దగ్గరకు రానిచ్చేవారు కాదు, దాటబోయిన వారిని కాల్చేవారు. ఆ తెలుపు శుభ్రత కాదు, భయం. 1990లో, మిగిలిన గోడ తూర్పు ముఖంమీద సుమారు 1.3 కిలోమీటర్ల పొడవున అనేక దేశాల చిత్రకారులు బొమ్మలు వేశారు.

పట్టణాలలో మరొక వింత చూస్తాము. గోడ దగ్గర మూత్రం పోయకుండా అన్ని మతాల బొమ్మల పలకలు అతికిస్తారు. వాటిలో సిలువ కూడా ఉంటుంది. ఆ వీధిలో మరుగుదొడ్డి కట్టి ఉంటే సిలువను కాపలా పెట్టవలసిన పని ఉండేదా? దారిన పోయే కూలివానికి ఎక్కడికి పోవాలో చూపకుండా, ఇక్కడ వద్దు అని మాత్రం చెప్పడం న్యాయమేనా?

ప్రియ పాఠకులారా, మన సంఘాలు కూడా బండలమీద, వంతెనలమీద, దారిప్రక్క గోడలమీద వాక్యాలు వ్రాయిస్తాయి. ఉద్దేశం మంచిదే. అయినా మంచి మాటకు కూడా సెలవు అడగాలి. పేదవాని గోడ గనుక అడగనక్కరలేదు అనుకుంటే, మన వాక్యానికీ పార్టీ నినాదానికీ అతని కంటికి తేడా కనబడదు. రంగు డబ్బా తెరవకముందు ఆ ఇంటి తలుపు తట్టుదాం. వద్దంటే నవ్వుతూ తిరిగి వద్దాం.