పది నిమిషాల ఊపిరి

‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’లో ఆడేవాళ్లకు ఓటమి లేదు. కొండ అంచు విరిగి కింద పడినా, కత్తియుద్ధంలో చిత్తయినా, నరమాంసం తినేవాళ్ల గుడిసెలో బందీ అయినా ఆట మొదటికి రాదు. 1990లో వచ్చిన ఈ కంప్యూటర్ ఆటను నేను ఈ మధ్యే మొదటిసారి ఆడాను. వేళ్ల వేగంతో పని లేని ఆట ఆడటం నాకు ఇదే మొదలు. మా మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో ఎక్కించి ఇచ్చి, “అత్తా, ఇందులో తొందరేం లేదు. నీకు కావలసినంతసేపు ఆలోచించుకో” అని వెళ్లిపోయాడు. ఆ ఒక్క మాటే ఈ ఆటకు అసలైన పరిచయం అని ఇప్పుడు అనిపిస్తుంది.

కథ కరీబియన్ సముద్రంలోని మెలే అనే దీవిలో, ఒక రాత్రి మొదలవుతుంది. గైబ్రష్ త్రీప్‌వుడ్ అనే కుర్రాడు కొండ మీద మంట పక్కన కూర్చున్న, చూపు సరిగా లేని ముసలి కాపలాదారు దగ్గరికొచ్చి, తాను సముద్రపు దొంగ కావాలనుకుంటున్నానని చెబుతాడు. ఊళ్లోని సారా కొట్లో ముగ్గురు పెద్ద దొంగలు అతనికి మూడు పరీక్షలు పెడతారు. కత్తిసాములో దీవికంతటికీ పేరుమోసిన కార్లా అనే ఆవిడను గెలవాలి. గవర్నర్ బంగళాలోంచి ఒక విగ్రహం దొంగిలించాలి. ఎక్కడో పాతిపెట్టిన నిధిని తవ్వి తేవాలి. తెర కింది భాగంలో కొన్ని క్రియలు రాసి ఉంటాయి: తెరువు, మూయి, తోయి, లాగు, తీసుకో, ఇవ్వు, చూడు, మాట్లాడు, వాడు. ముందు ఒక క్రియ మీద, తర్వాత బొమ్మలోని ఒక వస్తువు మీద మౌస్ నొక్కితే ఒక వాక్యం తయారవుతుంది, ఆ వాక్యం ప్రకారం గైబ్రష్ నడుచుకుంటాడు. ఆట మొత్తం ఇంతే. బాణాలు లేవు, తుపాకులు లేవు, వాక్యాలతోనే ముందుకు పోవాలి. జీవితమంతా చదువుతూ రాస్తూ గడిపిన నాకు ఇంతకంటే చేతికి అలవాటైన ఆయుధం ఇంకొకటి ఉండదు.

ఈ నిదానం దానంతటది రాలేదు, ఒక మనిషి పట్టుబట్టి తెచ్చాడు. ఈ తరహా ఆటలు 1976లో విల్ క్రౌథర్ రాసిన గుహ ఆటతో మొదలయ్యాయి. అందులో బొమ్మలే లేవు, అన్నీ టైపు చేయవలసిందే. 1980లో రాబర్టా విలియమ్స్, కెన్ విలియమ్స్ దంపతులు బొమ్మలు చేర్చారు. 1984లో వాళ్ల సియెరా సంస్థ నుంచి వచ్చిన ‘కింగ్స్ క్వెస్ట్’ ఈ రకం ఆటలకు పెద్ద పేరు తెచ్చింది. కానీ వాటిలో అడుగు తడబడితే చావు. అంతకంటే ఘోరం, మొదట్లో ఎక్కడో ఒక వస్తువు తీసుకోకుండా వచ్చేస్తే, గంటల తర్వాత దారి పూర్తిగా మూసుకుపోయేది. మూసుకుపోయిందన్న సంగతైనా ఆట చెప్పేది కాదు. లూకాస్‌ఫిల్మ్ గేమ్స్‌లో పనిచేసే రాన్ గిల్బర్ట్‌కు ఇది నచ్చలేదు. 1987లో ‘మేనియాక్ మాన్షన్’ చేసేటప్పుడే టైపు చేసే బాధ తప్పించి, క్రియలను తెర మీదికి తెచ్చాడు. 1989లో ఈ రకం ఆటల్లోని లోపాలను ఎత్తిచూపుతూ ఒక వ్యాసం రాశాడు. ఊరికే చంపకూడదు, దారి మూసేయకూడదు అన్నవి అందులో ముఖ్యమైన మాటలు. మరుసటి ఏడు టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్‌లతో కలిసి తాను చెప్పింది చేసి చూపించాడు. అదే మంకీ ఐలాండ్.

ఇందులో ఒకచోట గైబ్రష్ నిలబడ్డ కొండ అంచు విరిగి అతను లోయలో పడిపోతాడు. అచ్చం సియెరా ఆటల్లోలాగే ‘చచ్చిపోయావు, మళ్లీ మొదలుపెడతావా’ అని అడిగే పెట్టె తెర మీదికి వస్తుంది. నా గుండె జారింది. రెండు క్షణాల్లో అతను బంతిలా ఎగిరొచ్చి అదే అంచు మీద నిలబడి, కింద రబ్బరు చెట్టుందని చెబుతాడు. నేను పెద్దగా నవ్వేశాను. వచ్చినవాళ్లను నిలువునా చంపే ఆటలు రాజ్యమేలుతున్న రోజుల్లో, ‘నిన్ను చంపను’ అని ఇంత ప్రేమగా చెప్పిన ఆట ఇది.

నిజానికి చావు ఒక్కచోట ఉంది, అది కూడా పట్టుబట్టి కూర్చుంటేనే. విగ్రహం దొంగిలించి బంగళా బయటికి రాగానే షెరీఫ్ గైబ్రష్‌ను పట్టుకుంటాడు. ఆ బరువైన విగ్రహానికే తాడుతో కట్టి రేవు దగ్గర నీళ్లలోకి తోసేస్తాడు. గైబ్రష్ తనకొచ్చిన ఒకే ఒక్క విద్య గురించి అందరి దగ్గరా గొప్పగా చెప్పుకుంటూ ఉంటాడు: పది నిమిషాలు ఊపిరి బిగపట్టగలడు. ఇప్పుడు సముద్రం అడుగున నిలబడ్డాడు. చుట్టూ కత్తులు, కత్తెరలు, పదునైన రకరకాల సామాను ఇసుకలో పడి ఉన్నాయి. తాడు కోయడానికి వాటిలో ఏది దొరికినా చాలు. దేనికోసం కదిలినా తాడు బిగుసుకుంటుంది, చెయ్యి జానెడు దూరంలో ఆగిపోతుంది. కత్తి తర్వాత కత్తి ప్రయత్నిస్తూ పోయాను. చివరికి చూపు వాటి మీది నుంచి మళ్లించి, కదలనివ్వకుండా చేస్తున్నది ఏదా అని చూశాను. విగ్రహం. బంగళాలోంచి దాన్ని మోసుకొచ్చింది గైబ్రషే కదా! ‘తీసుకో’ మీద నొక్కి విగ్రహం మీద నొక్కాను. చంకన పెట్టుకుని తాపీగా నడుచుకుంటూ గట్టెక్కాడు. కట్టేసిన బరువే ఎత్తగలిగిన బరువని ఆలోచించనీయకుండా, అన్ని కత్తులనూ మన కళ్ల ముందు పరిచిన ఆ నేర్పుకు చేతులెత్తి దణ్ణం పెట్టాను. పది నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చుంటే మాత్రం గైబ్రష్ నిజంగానే చచ్చిపోతాడు. తెర కింద క్రియలు కూడా తేలడం, ఉబ్బడం, కుళ్లడం అని మారిపోతాయి. పది నిమిషాలని చెప్పినవాళ్లు పదే ఇచ్చారు, ఒక్క క్షణం తగ్గించలేదు.

మాట మీద నిలబడటం ఈ ఆటలో అడుగడుగునా కనిపిస్తుంది. పొడుపు కథ వేసినవాళ్లు విప్పేందుకు కావలసిందంతా ఆ రెండు పాదాల్లోనే పెడతారు, బయటి నుంచి ఏదీ తేనక్కర్లేదు. ఇక్కడా అంతే. సారా కొట్లోని ముగ్గురు పెద్దలను మొదట్లో పలకరించినప్పుడు, తాము తాగే సారాలో ఏమేం కలుపుతారో చెబుతారు. కిరసనాయిలు, సల్ఫ్యూరిక్ ఆసిడ్, అసిటోన్, ఇరుసు గ్రీజు, బ్యాటరీ ఆసిడ్ అంటూ పెద్ద చిట్టా. అది మగ్గులను కూడా తినేస్తుందని, మగ్గులు కొనలేక వంటవాడు చితికిపోతున్నాడని కూడా అంటారు. నవ్వుకుని వదిలేశాను. చాలాసేపటికి కథ ముదిరింది. గవర్నర్ ఎలేన్ మార్లేను లెచక్ అనే దొంగ దయ్యం ఎత్తుకుపోయింది. వెంటపడి పోవడానికి ఓడ కావాలి, ఓడకు మనుషులు కావాలి. ఆ మనుషుల్లో ఒకడు ఓటిస్, జైల్లో ఉన్నాడు. తాళం రాదు.

నా దగ్గరున్నవన్నీ ఆ తాళం మీద ప్రయోగించాను. ఏదీ పని చేయలేదు. ల్యాప్‌టాప్ మూసేసి వంటింట్లోకి వెళ్లాను. మా వారికి టీ చల్లార్చి ఇవ్వడం అలవాటు. రెండు స్టీలు గ్లాసులు తీసుకుని ఇందులోంచి అందులోకి తిరగబోస్తున్నాను. చెయ్యి ఆగింది. మగ్గులను తినేసే సారా తాళాన్ని తినదా? జైలు దాకా మోసుకెళ్లేలోపు మగ్గు కరిగిపోతుంది, అయితే ఒక మగ్గు కరిగేలోపు ఇంకో మగ్గులోకి పోసుకోవచ్చు కదా! టీ అక్కడే పెట్టి వచ్చేశాను. దొంగలంతా వెళ్లిపోయి కొట్టు బోసిపోయి ఉంది. బల్లల మీద మగ్గులు అలాగే ఉన్నాయి. అన్నీ ఏరుకుని, వంటగదిలోని పీపా దగ్గర ఒకటి నింపుకుని పరుగు. కరుగుతున్న మగ్గు కనబడగానే కొత్తదాంట్లోకి పోయడం, మళ్లీ పరుగు. రేవు దాటి, వీధి దాటి, తోరణం కింద నుంచి జైల్లోకి దూరి, మిగిలిన సారా తాళం మీద పోశాను. కరిగిపోయింది. అంతసేపటి ఆటలో నన్ను పరుగెత్తించింది ఆ ఒక్కచోటే. పరుగెత్తాలన్న ఆలోచన కూడా నాదే కాబట్టి కష్టమనిపించలేదు. ఈ ఆటలో సగం పని తెర ముందు కూర్చోనప్పుడే జరుగుతుంది. ఎక్కడా ముందుకు పోని ఆ గంటలే ఆట. వాటిని తీసేస్తే మిగిలేది ఒక బొమ్మల కథ.

కత్తియుద్ధం గురించి చెప్పకపోతే ఈ వ్యాసం రాసీ దండగ. ఎర్రల్ ఫ్లిన్ నటించిన పాత సినిమాల్లో వీరులు కత్తి దూస్తూనే ఒకరినొకరు మాటలతో పొడుచుకుంటారు. గిల్బర్ట్ ఆ మాటలనే యుద్ధం చేశాడు. తిట్లు రాయడంలో నవలాకారుడు ఆర్సన్ స్కాట్ కార్డ్ కూడా చెయ్యి వేశాడు. ఎదుటివాడు ఒక ఎత్తిపొడుపు విసురుతాడు. దానికి దీటైన జవాబు ఇస్తే మనది పైచేయి, లేకపోతే వాడిది. పాలు పితికేవాడిలా కత్తి తిప్పుతున్నావని ఒకడంటే, నువ్వు ఆవులా పోరాడుతున్నావు కాబట్టి సరిపోయిందనాలి. మొదట్లో మన దగ్గర ఒకటి రెండు తిట్లు తప్ప ఏమీ ఉండవు. దారిలో తగిలిన ప్రతి దొంగతో తలపడి, ఓడి, వాడు వాడిన మాట నేర్చుకుని, అదే మాట ఇంకొకడి మీద వేసి, వాడిచ్చిన జవాబు కూడా నేర్చుకోవాలి. ఎక్కువ ఓడినవాళ్లకే ఎక్కువ మాటలు వస్తాయి. తీరా కార్లా ముందుకు వెళితే ఆవిడ నోట మనం నేర్చుకున్న తిట్టు ఒక్కటీ రాదు, అన్నీ కొత్తవే. జవాబులు మాత్రం పాతవే సరిపోతాయి, ఏది దేనికి అతుకుతుందో అక్కడికక్కడ కనిపెట్టాలి. బట్టీ పట్టిందాన్ని బుద్ధిగా మార్చుకోమనే పరీక్ష అది. అంత చక్కని పరీక్షా పత్రం నేను చదువుకున్న రోజుల్లో ఒక్కటీ చూడలేదు.

అన్నీ ఇలాగే ఉన్నాయని అనను. మూడో భాగంలో, మంకీ ఐలాండ్ చేరాక, పడవ వేసుకుని దీవి చుట్టూ ఇక్కడి నుంచి అక్కడికి, అక్కడి నుంచి ఇక్కడికి తిరగడం విసుగు పుట్టిస్తుంది. అంతకుముందు ఓడలో మంత్రపు వంటకం వండే భాగం మాత్రం నాకెంతో ఇష్టం. బతికున్న కోడి కావాలంటే రబ్బరు కోడి వేయొచ్చు, మనిషి పుర్రె కావాలంటే దొంగల జెండా మీది పుర్రె బొమ్మ వేయొచ్చు. ఉన్నదాంతో సర్దుకుని వండటం తెలిసిన మన ఇల్లాళ్లు ఆ చిక్కుముడిని మగవాళ్ల కంటే ముందు విప్పుతారని నా గట్టి నమ్మకం.

గైబ్రష్ అన్న వింత పేరు ఎలా వచ్చిందో తెలిశాక ఆ కుర్రాడు నాకు ఇంకా దగ్గరయ్యాడు. అతనికి పేరు పెట్టకముందు బొమ్మ గీసిన ఫైలుకు, కుర్రాడన్న అర్థంలో ‘గై’ అని రాసుకున్నారు. బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో అది ‘బ్రష్’ ఫైలు కాబట్టి ఆ మాట కూడా ఫైలు పేరుకు తోకలా చేరింది. ఆ రెండూ కలిసి అతని పేరైపోయాయి.

ఆ రోజుల్లో చిక్కుపడినవాళ్లు కంపెనీ సహాయ కేంద్రానికి ఫోన్ చేసేవారు. అడవిలో ఒక చెట్టు మొద్దును పరీక్షిస్తే ‘22వ డిస్కు పెట్టండి’ అని తెర మీద వస్తుంది. అంతా తమాషా, అన్ని డిస్కులే లేవు. నిజమని నమ్మి జనం అదేపనిగా ఫోన్లు చేయడంతో తర్వాతి ముద్రణల్లో ఆ తమాషా తీసేశారు. ఇప్పుడు ఫోన్ అక్కర్లేదు, ప్రతి చిక్కుకూ జవాబు చేతిలోని సెల్లులోనే ఉంటుంది. 2009లో కొత్త బొమ్మలతో, మాటలకు గొంతులతో వచ్చిన ముద్రణలో సూచనలిచ్చే ఏర్పాటు ఆటలోనే ఉంది. 2022లో గిల్బర్ట్, గ్రాస్‌మన్ మళ్లీ కలిసి చేసిన ‘రిటర్న్ టు మంకీ ఐలాండ్’లోనైతే సూచనల పుస్తకం గైబ్రష్ సంచిలోనే ఉంటుంది.

మీరూ ఆడాలనుకుంటే 2009 నాటి ముద్రణతో మొదలుపెట్టండి. కంప్యూటర్‌లో ఎఫ్10 మీట నొక్కితే 1990ల నాటి పాత బొమ్మలు వచ్చేస్తాయి. ఆ రాత్రి సముద్రాన్ని, ఆ మంట వెలుగును పాత బొమ్మల్లోనే చూడండి, అవే బాగున్నాయి. సూచనల జోలికి మాత్రం పోకండి. ఎక్కడైనా ఆగిపోతే ల్యాప్‌టాప్ మూసి మీ పని మీరు చూసుకోండి. తెల్లారేదాకా ఆగినా గైబ్రష్‌కు ఏమీ కాదు, ఆ నీళ్ల అడుగున ఉంటే తప్ప.