ఇప్పుడేం ఆడుతున్నావు?

ఆదివారం ఉదయం ఆరున్నరకు మా ఇంట్లో ఫోను మోగిందంటే అది డాలస్ నుంచి మా తమ్ముడి ఫోనే. అక్కడ వాడికి శనివారం రాత్రి. భోజనాలు ముగిసి ఇల్లు సద్దుమణిగి ఉంటుంది. అమ్మ మోకాళ్ళ నొప్పులు, పిల్లల చదువులు, ఇక్కడి ఎండలు, అక్కడి గాలివానలు, ఇవన్నీ తరువాత వస్తాయి. వాడి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "అన్నయ్యా, ఇప్పుడేం ఆడుతున్నావు?"

ఐదు పదులకు చేరువవుతున్న అన్నను తమ్ముడు అడగవలసిన ప్రశ్న ఇదేనా అని మా ఆవిడ మొదట్లో నవ్వేది. ఇప్పుడు నవ్వడం మానేసి, ఆ పూటకు కాఫీ రెండుసార్లు కలపడం అలవాటు చేసుకుంది. వీడియో ఆటల మీద మా అభిప్రాయాలు ఒక కప్పుతో తెమలవని ఆవిడకు అనుభవం మీద తెలిసింది.

ఈ టపా ఆ సంభాషణల గురించి. ఇందులో ఆటల సమీక్ష ఏమీ లేదు. ఆ పని నాకన్నా బాగా చేసేవారు చాలామంది ఉన్నారు. ఆట ఇంకా సగంలో ఉండగానే, ఆడేవాళ్ళు ఒకరితో ఒకరు ఏం చెప్పుకుంటారు, ఎందుకు చెప్పుకుంటారు అన్నదే కొంతకాలంగా నన్ను ఆలోచింపజేస్తున్న విషయం.

పుస్తకం గురించి మనం సాధారణంగా చదివి ముగించాక మాట్లాడుతాం. సినిమా మూడు గంటల్లో అయిపోతుంది. హాలు మెట్లు దిగుతూనే తీర్పు చెప్పేస్తాం. ఆట అలా కాదు. నెలల తరబడి సాగుతుంది. అందువల్ల ఆటగాడి అభిప్రాయం ఎప్పుడూ వర్తమాన కాలంలోనే ఉంటుంది. "బాగుంది" అనడు, "ఇప్పటిదాకా బాగుంది" అంటాడు. పోయినవారం తిట్టిపోసిన ఆటను ఈవారం ఆకాశానికి ఎత్తవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. "అప్పుడు నేను వంతెన దాటలేదు కదా" అంటే చాలు, మాట మార్చినందుకు అదే సంజాయిషీ.

దీనికొక మర్యాద కూడా ఉంది. అభిప్రాయం చెప్పే ముందు "ఎంతవరకు వచ్చావు?" అని అడగాలి. ఎదుటివాడు ఎక్కడున్నాడో తెలుసుకొని, అక్కడివరకే మాట్లాడాలి. మా తమ్ముడి కూతురు ఈ మర్యాద విషయంలో మహా కఠినురాలు. ఆ పిల్ల గత వేసవిలో 'ఔటర్ వైల్డ్స్' ఆడింది. 2019లో వచ్చిన ఆట అది. ఒక చిన్న సౌరమండలం. ఇరవై రెండు నిమిషాలకొకసారి సూర్యుడు పేలి అంతా నశిస్తుంది, మళ్ళీ మొదటికొస్తాం. ఆయుధాలు పెరగవు, బలం పెరగదు. ఒక జన్మ నుంచి మరొక జన్మకు వెంట వచ్చేది తెలుసుకున్న విషయం ఒక్కటే. కాబట్టి ఎవరైనా ఒక్క ముక్క ముందుగా చెప్పేస్తే ఆట మొత్తం దొంగిలించినట్టే. "ఎలా ఉందే?" అని అడిగితే, "పెదనాన్నా, బాగుందని కూడా చెప్పను, ఎందుకు బాగుందని అడుగుతావు" అంది. ఒక ఆట మీద నేను విన్న అభిప్రాయాల్లో అంతకన్న గొప్పది లేదు.

ఇక మా అన్నదమ్ముల సంగతి.

2016 నుంచి 2022 వరకు మేమిద్దరం మాట్లాడుకోలేదు. నాన్నగారు పోయిన రెండేళ్ళకు, తెనాలి దగ్గర మా ఊళ్ళో ఉన్న ఎకరంన్నర మాగాణి అమ్ముదామన్నాను. కౌలు సరిగ్గా రావడం లేదు, చూసుకునేవాళ్ళు లేరు, అమ్మ ఆపరేషను ఉంది. వాడు వద్దన్నాడు. "ఏడాదికోసారి వచ్చి ఫోటోలు దిగడానికా పొలం?" అన్నాను. "నాన్న పోయాక నీకు అన్నీ అమ్మకపు సరుకే" అన్నాడు. ఈ రెండు వాక్యాలతో ఆరేళ్ళు గడిచాయి. కాగితాల మీద సంతకం పెట్టి పంపాడు. మాట మాత్రం పంపలేదు. సంవత్సరీకాలకు వచ్చినప్పుడు పక్కపక్క పీటల మీద కూర్చుని తర్పణాలు వదిలాం. నీళ్ళ చెంబు అందించుకున్నాం. అంతే.

2022 మార్చిలో ఒక రాత్రి ఫోనుకు ఒక వాక్యం వచ్చింది. కుశలప్రశ్న లేదు, సంబోధన ఒక్కటే ఉంది. "అన్నయ్యా, ఎల్డెన్ రింగ్ ఆడుతున్నావా?"

ఆ ఆట అంతకు కొద్దిరోజుల ముందే, ఫిబ్రవరి నెలాఖరున విడుదలైంది. జపానుకు చెందిన హిదెతాకా మియజాకి రూపకల్పన. దాని వెనుకనున్న పురాణగాథకు పునాది వేసినవాడు జార్జ్ మార్టిన్. నేను ఆడటం లేదని జవాబిచ్చాను. ఎందుకు ఆడటం లేదో రాయబోయి ఆగిపోయాను. పావుగంట తరువాత వాడే ఫోను చేశాడు. మార్గిట్ అనే శత్రువు కోట గుమ్మంలో నిలబడి తనను నలభైసార్లు చంపాడని చెప్పాడు. ఆరేళ్ళ తరువాత నా తమ్ముడి గొంతు విన్నది ఆ ఫిర్యాదుతోనే.

"కష్టం తగ్గించుకునే వీలు లేదా?" అన్నాను.

"లేదు. సులువు, మధ్యస్థం, కఠినం అని అడగనే అడగదు. చచ్చిపోతే సంపాదించిందంతా చచ్చినచోటే పడి ఉంటుంది. మళ్ళీ అక్కడికి వెళ్ళి తెచ్చుకోవాలి. దారిలో ఇంకోసారి చస్తే అది కూడా పోతుంది."

"అన్యాయం కదరా."

"అన్యాయం అనిపించడం లేదు అన్నయ్యా. చచ్చిన ప్రతిసారీ తప్పు నాదేనని తెలుస్తోంది. వాడు చెయ్యి ఎత్తి ఆపుతాడు చూడు, నేను తొందరపడి ముందే దొర్లుతున్నాను. వాడు కావాలనే ఆలస్యం చేస్తాడు."

వాడు నాకు బాగా నచ్చేట్టు చెప్పిన సంగతి మరొకటి ఉంది. ఆ లోకంలో నేల మీద అక్కడక్కడా వెలుగుతున్న రాతలు కనిపిస్తాయట. అవి ఎక్కడెక్కడి నుంచో ఆడుతున్న అపరిచితులు వదిలివెళ్ళిన అభిప్రాయాలు. ఇష్టం వచ్చినట్టు రాయడానికి లేదు. ఆట ఇచ్చిన పదాలనూ మూసలనూ అతికించి మాత్రమే చెప్పాలి. 'ముందు ఉచ్చు ఉంది' అని ఒకడు మేలు చేస్తాడు. లోయ అంచున 'దూకి చూడు' అని ఇంకొకడు నవ్వుకుంటాడు. చదివినవాడు మెచ్చుకుంటే, ఆ మెప్పు రాసినవాడికి ఆ క్షణాన చేరి వాడి ప్రాణశక్తి నిండుతుంది. "నేను చావబోతుండగా ఎవడో నా రాతను మెచ్చుకున్నాడు. ఒక్కసారిగా ప్రాణం లేచొచ్చింది" అన్నాడు తమ్ముడు. ఆడుతూ ఆడుతూ అభిప్రాయం చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఎవరు చేయగలరు?

"సరే, మరి నువ్వేం ఆడుతున్నావు?" అని అప్పుడు అడిగాడు.

చెప్పడానికి సిగ్గుపడ్డాను. నేను ఆడుతున్నది 'స్టార్‌డ్యూ వ్యాలీ'. 2016లో వచ్చింది. ఎరిక్ బరోన్ అనే యువకుడు బొమ్మలు, సంగీతం, కథ, ప్రోగ్రాము అన్నీ ఒంటిచేత్తో నాలుగేళ్ళకు పైగా కూర్చుని తయారుచేశాడు. పట్నంలో ఉద్యోగంతో విసిగిన మనిషికి తాత రాసిపెట్టిన ఉత్తరమూ, పల్లెలో ఒక బీడుపడ్డ పొలమూ దక్కుతాయి. రాళ్ళేరి, తుప్పలు కొట్టి, విత్తనాలు చల్లి, రోజూ నీళ్ళు పోయాలి. ఋతువుకు ఇరవై ఎనిమిది రోజులు. ఋతువు మారగానే అందులో పండని పైరు చచ్చిపోతుంది. వసంతం పదిహేడో తేదీన ఎంతో ఆశగా కాలీఫ్లవర్ నాటాను. దానికి పన్నెండు రోజులు కావాలి. ఒక్కరోజు తేడాలో వేసవి వచ్చి మడి మొత్తం ఎండిపోయింది.

ఇదంతా చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత, "అమ్మిన పొలానికి బదులా అన్నయ్యా?" అన్నాడు.

వెటకారమో, నిజంగా అడిగాడో తెలియలేదు. నాకు జవాబు రాలేదు. ఆరేళ్ళ క్రితమైతే వచ్చేదే, అదీ చాలా వేగంగా. కాని వాడు ఇప్పుడే కదా, చెయ్యి ఎత్తి ఆపినవాడి ముందు తొందరపడి దొర్లినందుకు నలభైసార్లు చచ్చానని చెప్పింది! ఆగాను. "ఏమోరా, అయి ఉండొచ్చు" అన్నాను చివరికి. "సరే, నీళ్ళు పోసే యంత్రం ఇంకా రాలేదా?" అని వాడే మాట మార్చాడు.

అప్పటినుంచి ఆదివారాలు మొదలయ్యాయి. వాడు మార్గిట్‌ను గెలిచిన వార్త ఉగాదికి కొంచెం అటూ ఇటూగా వచ్చింది. పొలం అమ్మకం గురించి మేము ఇప్పటికీ సూటిగా మాట్లాడుకోలేదు. ఆ నేల ఇప్పుడు రాళ్ళు పాతిన ఇళ్ళస్థలాలు. ఎవరిది ఒప్పో తేల్చే తీర్పు రాలేదు, బహుశా రాదు. ఆటల గురించి మాట్లాడుతుంటే మాత్రం తీర్పు అవసరం పడదు. ఇద్దరమూ ఇంకా దారిలోనే ఉన్నామన్న ఒప్పందం మీదే ఆ మాటలన్నీ నడుస్తాయి.

నా ఆటలో మూడో సంవత్సరం మొదటిరోజున తాత ఆత్మ వచ్చి, నువ్వు పొలాన్ని ఎలా చూశావో లెక్కకడుతుంది. సమాధి దగ్గర నాలుగు దీపాల్లో ఎన్ని వెలిగితే అంత మెప్పు. నాకు రెండే వెలిగాయి. ఆ రాత్రి నిజంగానే నిద్రపట్టలేదు. తమ్ముడితో చెబితే నవ్వలేదు. వివరం కనుక్కొని వారం తరువాత చెప్పాడు: "అక్కడ ఒక వజ్రం పెడితే తాత మళ్ళీ లెక్క చూస్తాడట అన్నయ్యా. ఆ రెండే చివరివి కావు."

ఇలాంటి మాట వాడు నాకు చెప్పడం ఇది రెండోసారి.

మొదటిది 1995లో. గుంటూరు బ్రాడీపేటలో మా మేనమామగారి కార్యాలయంలో ఒక కంప్యూటరు ఉండేది. సెలవు రోజుల్లో మాకు దాని మీద 'ప్రిన్స్ ఆఫ్ పర్షియా' ఆడుకునే అనుమతి. నియమం: ఒకడు చచ్చేదాకా వాడి వంతు, తరువాత రెండోవాడిది. ఖైదు నుంచి బయటపడి సుల్తాను కూతుర్ని రక్షించడానికి యువరాజుకు ఉన్న గడువు అరవై నిమిషాలు. ఆ ఆటను జోర్డన్ మెక్నర్ 1989లో తీసుకువచ్చాడు. తెల్లబట్టలు వేసి తన తమ్ముణ్ణి పరుగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ కదలికలనే ఒక్కొక్క బొమ్మగా గీసుకున్నాడు. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. మేము తెర మీద చూసి అబ్బురపడిన ఆ పరుగు, ఒక అన్న కోసం తమ్ముడు పరుగెత్తిన పరుగు!

అందులో ఒక అద్దంలోంచి దూకగానే యువరాజు నీడ విడిపోయి ఎదురుతిరుగుతుంది. ఒకచోట మన మందు తాగేస్తుంది, ఒకచోట మన ముందే తలుపు మూసేస్తుంది. చివర్లో కత్తి దూసి అడ్డం నిలుస్తుంది. నేను దాన్ని పొడిచిన ప్రతిసారీ నా ప్రాణమే తగ్గేది. ఎన్ని ఆదివారాలు అలా చచ్చానో లెక్కలేదు. అడిగి తెలుసుకోవడానికి ఎవరూ లేరు. పక్కన కూర్చున్న పదమూడేళ్ళవాడు ఒకరోజు, "అన్నయ్యా, కత్తి లోపల పెట్టి చూడు" అన్నాడు. తిట్టాను. వాడి వంతు వచ్చినప్పుడు వాడే కిందిబాణం మీట నొక్కాడు. నీడ కూడా కత్తి దించింది. నేరుగా నడిచి వెళితే ఇద్దరూ ఒకటైపోయారు.

పోయిన ఆదివారం వాడు కొత్త ప్రతిపాదన తెచ్చాడు. ఇద్దరం కలిసి స్టార్‌డ్యూలో ఒకే పొలం చేద్దామన్నాడు. ఆ సౌకర్యం 2018 నుంచి ఉంది. నా వైపు నుంచి పొలం తెరిచాను. వాడికొక చిన్న పాక వేశాను. పేరు పెట్టమంటే మా ఊరి పేరే పెట్టాను. ఆ తరువాత ఆట ఒక ప్రశ్న అడిగింది: డబ్బు ఉమ్మడిగానా, వేరువేరుగానా?

చదివి వినిపించాను. ఇద్దరమూ కొంతసేపు మాట్లాడలేదు. వంటింట్లో మా ఆవిడ రెండో కాఫీ కలుపుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

"ఉమ్మడిగానే పెట్టు" అన్నాడు. మళ్ళీ తనే, "నచ్చకపోతే తరువాత మార్చుకోవచ్చట" అన్నాడు.

పెట్టాను. ఇప్పటికి వసంతం ఆరో రోజు. నేను అటు రాళ్ళేరుతున్నాను, వాడు ఇటు నీళ్ళు పోస్తున్నాడు, మధ్యలో మరిచిపోతున్నాడు కూడా. ఇప్పటిదాకా బాగుంది.

ఇంతకీ, మీరేం ఆడుతున్నారు?