కాలువ గట్టు మీదుగా ధనౌరీకి

వేసవి సెలవులు ముగిసిన రోజుల్లో మా మిత్రబృందంలో ఒకరి కుమారుడు ఫ్రాన్సు నుండి ఒక ఛాయాచిత్రం పంపాడు. అట్లాంటిక్ తీరాన లాండ్ ప్రాంతపు పైన్ అడవి అది. నిటారుగా నిలిచిన చెట్ల నడుమ ఇసుకా గులకరాళ్ళూ కలిసిన సన్నని బాట. ఆ బాట మీద వంపు తిరిగిన హ్యాండిలు, వెడల్పాటి టైర్లు గల సైకిలు. దానిని గ్రావెల్ బైక్ అంటారట. పందెపు సైకిలు వేగాన్నీ, కొండదారి సైకిలు ఓర్పునూ కలిపి చేసిన వాహనమన్నమాట. అమెరికాలోని కాన్సాస్ మట్టి రోడ్ల మీద 2006లో ఆరంభమైన ఒక పందెం ఈ క్రీడకు ఊపునిచ్చింది. 2022లో ఇటలీలో మొట్టమొదటి ప్రపంచ పోటీలు కూడా జరిగాయి. చిత్రం కింద ఆ అబ్బాయి ఒక ప్రశ్న జోడించాడు: "నాన్నా, మీ కాంక్రీటు ఊళ్ళో ఇటువంటి దారి ఒక్కటైనా ఉందా?"

గ్రేటర్ నోయిడాలో కాపురముంటున్న మన సంస్థ తెలుగు ఉద్యోగులం నలుగురమూ ఆ ప్రశ్నను కొంచెం పౌరుషంగానే తీసుకున్నాము. మాలో ముగ్గురిది గోదావరి డెల్టా. సముద్రపు ఒడ్డున సరుగుడు తోపుల్లో, రాలిన ఆకుల మెత్తని పరుపు మీద, అద్దె సైకిళ్ళు తొక్కిన బాల్యం మాది. సరుగుడు పైన్ జాతి చెట్టు కాదు. చూపుకు మాత్రం దగ్గరి చుట్టంలా ఉంటుంది. చేసే పనీ ఒకటే, గాలికి ఎగిరే ఇసుకను పట్టి నిలుపుతుంది. లాండ్ అడవి కూడా తనంతట తాను పెరిగినది కాదు. బురద నేలల మీద పొడుగాటి కర్రలు కాళ్ళకు కట్టుకుని గొర్రెలు కాచుకునేవారు అక్కడి కాపరులు. 1857లో వచ్చిన చట్టంతో ఆ నేలలు ఆరి అడవులయ్యాయి. కాపరుల బతుకు మారిపోయింది. ఈనాడు మనం ముచ్చటపడే ఆ చల్లని బాట వెనుక అంత కథ ఉన్నది.

మా ఊరికి సముద్రమూ లేదు, పైన్ చెట్టూ లేదు. 1991లో అభివృద్ధి సంస్థ ఏర్పడిన తరువాత పొలాల మధ్య గీతలు గీసి కట్టిన నగరమిది. రోడ్లు వెడల్పు, సెక్టార్లకు గ్రీకు అక్షరాల పేర్లు, 2019 నుండి మెట్రో రైలు. కాని యమునకూ గంగకూ నడుమనున్న ఈ దోఆబ్ నేలలో ఒక విశేషం ఉన్నది. ఎంత తవ్వినా ఒండ్రుమట్టే గాని బండరాయి తగలదు. ఆ మట్టిలో సున్నపు గడ్డలు మాత్రం దొరుకుతాయి. వాటిని ఇక్కడివారు 'కంకర్' అంటారు. పాతకాలపు రహదారులకు పరచింది ఈ కంకరనే. మాట మనదే, రాయి మాత్రం వేరు! కనుక మా యాత్రకు వాహనం పేరు కూడా కుదిరింది: కంకర బండి. నలుగురిలో ఒక్కరి వద్దనే అసలైన గ్రావెల్ బైక్ ఉన్నది. మిగిలిన ముగ్గురమూ పిల్లలు కాలేజీలకు వెళ్ళాక మూలపడిన మామూలు సైకిళ్ళకు నూనె పోసి సిద్ధం చేసుకున్నాము.

ఆగస్టు నెలలో వాన తెరపి ఇచ్చిన ఒక ఆదివారం, తెల్లవారుజామున అయిదు గంటలకు పరీ చౌక్ వద్ద కలుసుకున్నాము. కాస్నా దాటి దన్‌కౌర్ దారి పట్టాము. ఒకప్పుడు ఫార్ములా వన్ కార్లు పరుగెత్తిన బుద్ధ్ సర్క్యూట్ ఈ ప్రాంతంలోనిదే. 2011 నుండి 2013 వరకు మూడేళ్ళు ప్రపంచం దృష్టి ఇటు నిలిచింది. మేము ఆ దాపున గంటకు పన్నెండు కిలోమీటర్ల వేగంతో, ఎదురుగాలిని తిట్టుకుంటూ సాగిపోయాము.

దన్‌కౌర్ చిన్న పట్టణం. ద్రోణాచార్యుని పేరనే ఊరు వెలసిందని స్థానికుల విశ్వాసం. ఆయన గుడీ, పక్కన చెరువూ ఉన్నాయి. ఏకలవ్యుడు బొటనవేలు సమర్పించింది ఈ ప్రాంతంలోనేనని చెబుతారు. ఇంటివద్ద మిగిలిన పులిహోరను అక్కడే ముగించి, కాలువ గట్టు ఎక్కాము.

ఇక్కడి నుండి మా యాత్రకు అందం వచ్చింది. హరిద్వారం వద్ద గంగ నుండి బయలుదేరే పెద్ద కాలువకు ఇది మాట్ అనే శాఖ. మథుర జిల్లా దిశగా సాగుతుంది. గట్టు మీది బాటను ఇక్కడ 'పట్రీ' అంటారు. ఒకవైపు నిండుగా నీరు, మరొకవైపు జామాయిల్, శీసం చెట్ల వరుస, చక్రాల కింద కరకరమనే కంకర. క్షణకాలం మేము కాకినాడ కాలువ గట్టు మీద ఉన్నామా అనిపించింది. ఆ పోలిక ఊరికే వచ్చినది కాదు. ఈ గంగ కాలువను ప్రోబీ కాట్లీ 1854లో పూర్తిచేస్తే, మన ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర అంతకు రెండేళ్ళు ముందే ముగించాడు. కాట్లీ కాలువ నమూనాలో లోపాలున్నవని కాటన్ బాహాటంగా విమర్శించగా, ఇద్దరికీ పెద్ద వాదమే జరిగింది. మాలో గోదావరివారు ముగ్గురూ సహజంగానే కాటన్ పక్షం. నాల్గవవారు అనంతపురంవాసి. "నీళ్ళున్నవాళ్ళు నీళ్ళ గురించి కొట్టుకుంటారు, మాకా బాధ లేదు" అని ఆయన తేల్చేశారు.

గ్రావెల్ బైక్ విలువ ఆ గట్టు మీదనే తెలిసింది. టైర్లలో గాలి కాస్త తగ్గిస్తే అది గుంతలను మింగుతూ పోయింది. మా సన్నని టైర్లు ప్రతి గుంతనూ నడుముకు అప్పజెప్పాయి. ఇంతలో సర్కారు తుమ్మ ముల్లు దిగి ఒక చక్రం చతికిలబడింది. సమీపంలో నులకమంచం మీద హుక్కా తాగుతున్న వృద్ధుడొకరు బకెట్టు నీళ్ళు తెచ్చి, ట్యూబు ముంచి, బుడగ వచ్చిన చోట వేలు పెట్టి చూపించారు. పెద్దవారిని ఇక్కడ 'తావూజీ' అని పిలవడం మర్యాద, అంటే పెదనాన్నగారు. తరువాత ఆయన మాకు గ్లాసుల నిండా మజ్జిగ పోయించారు. "ఈ బాట మీద ఎడ్లబండి తోలేవాణ్ణి బేటా. పొలం పోయింది, డబ్బు వచ్చింది. ఇద్దరు కొడుకులు రెండు కార్లు కొన్నారు. ఇప్పుడు కార్లూ పాతబడ్డాయి" అన్నారు. నవ్వుతూనే అన్నారు గాని, మేము నవ్వలేకపోయాము.

ధనౌరీ చేరేసరికి ఎండ ఎక్కింది. ఊరి పక్కన వాననీటితో నిండిన పల్లపు భూమి, చుట్టూ వరిమళ్ళు. ఉత్తరప్రదేశ్ రాష్ట్రపక్షి అయిన సారస కొంగకు ఇది పేరెన్నికగన్న ఆవాసం. ఎగిరే పక్షులలో అన్నిటికంటె పొడగరి. నిలుచుంటే మనిషి ఎత్తు. బూడిదరంగు దేహం, ఎర్రని తల. జంటగానే తిరుగుతుంది. వాల్మీకి శోకానికి కారణమైన క్రౌంచ మిథునం సారసాలేనని వాదించిన పండితులున్నారు. మా మనసుకు తగిలిన సంగతి మరొకటి. ఒకప్పుడు ఈ పక్షి దక్షిణాన గోదావరి దాకా కనిపించేదని పక్షిశాస్త్ర గ్రంథాలు చెబుతున్నాయి. మా తాతలు బహుశా చూసి ఉంటారు. మేము మాత్రం దానిని చూడడానికి ఇంతదూరం ఉద్యోగానికి రావలసివచ్చింది.

మడి మధ్యలో గడ్డీ రెల్లూ పోగుచేసిన గూడు, దానిపై కూర్చున్న పక్షి స్పష్టంగా కనిపించాయి. చూసి ఊరుకుంటే బాగుండేది. ఫ్రాన్సుకు చిత్రం పంపాలన్న ఉబలాటంలో మేము సైకిళ్ళు పడవేసి మడిగట్టు మీదకు దిగాము. ముప్పై అడుగులు కూడా వేయలేదు. పక్షి లేచి నిలబడి కేక పెట్టింది, దూరాన ఉన్న జంట పక్షి బదులు పలికింది. గూటిలో తెల్లని గుడ్లు రెండు. పైన కాకులు తిరుగుతున్నాయి. అవతలి మడిలో కలుపు తీస్తున్న రైతు పరుగున వచ్చి మమ్మల్ని కేకలేశాడు. ఆ గూటి కోసం తాను ఆ చుట్టూ కలుపు కూడా తీయలేదట. ఏటా ఈ జంట తన మడిలోనే పెడుతుందట. "మీరు చదువుకున్నవాళ్ళు" అన్నాడు చివరకు. అంతకంటె వేరే తిట్టు అవసరం లేకపోయింది.

వెనక్కు వచ్చి చెట్టు చాటున కూర్చున్నాము. పక్షి తిరిగి గూటిపై కూర్చునేదాకా, ఇరవై నిమిషాల సేపు, మాలో ఎవరూ మాట్లాడలేదు. ఈ భూములన్నీ ఎక్స్‌ప్రెస్‌వే అభివృద్ధి సంస్థ పరిధిలోనివి. జేవర్ విమానాశ్రయానికి 2021లో శంకుస్థాపన జరిగినది ఇక్కడికి దక్షిణాన. ధనౌరీని రక్షిత చిత్తడినేలగా ప్రకటించాలన్న వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ప్రకటన సంగతి అటుంచి, ఆ ఉదయం గూటికి కావలి ఉన్నది ఆ రైతు ఒక్కడే. దానికి ముప్పు తెచ్చింది మేము.

అబ్బాయికి చివరకు కాలువ గట్టు చిత్రమే పంపాము. "చెట్లు బాగున్నాయి" అని జవాబు వచ్చింది.

సెప్టెంబరు మూడవ ఆదివారం మళ్ళీ వెళ్ళాము. ఈసారి సైకిళ్ళు బాట మీదనే ఆపి, పక్షులను చూసే దుర్భిణి ఒకటి అరువు తెచ్చుకున్నాము. వరి బాగా ఎదిగింది. పెద్ద పక్షులు రెండూ గట్టున మెల్లగా నడుస్తున్నాయి. వాటి కాళ్ళ నడుమ గోధుమరంగు పిల్ల ఒకటి కనబడీ కనబడకుండా తడబడుతున్నది. రెండు గుడ్లకు ఒక్క పిల్లే మిగలడం ఈ జాతిలో తరచు జరిగేదేనని చదివాము. అయినా రైతు కనబడితే రెండవదాని సంగతి అడగాలనుకున్నాము. ఆయన ఆ రోజు పొలానికి రాలేదు.